మైన్‌క్రాఫ్ట్‌లో ఇల్లు ఎక్కడ కట్టాలి? మీ ఆట తీరును బట్టి ఎంచుకోండి

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ సర్వైవల్ (బ్లాకులు తవ్వి, కట్టుకుంటూ, ప్రాణాలు కాపాడుకునే ఆట పద్ధతి) మొదలుపెట్టాడు. రెండో రోజే ఒక కొండ కొమ్మున ఇల్లు కట్టేశాడు. చుట్టూ మంచు, కింద లోయ, తెల్లవారుతుంటే చూడటానికి నిజంగా ముచ్చటగా ఉండేది. వారం తిరిగేసరికి ఆట మీద విసుగొచ్చిందన్నాడు. పక్కన కూర్చుని ఒక గంట చూశాను. కొండ దిగడానికి, చెట్లున్న చోటికి నడవడానికి, మళ్లీ పైకి ఎక్కడానికే అందులో సగం పోయింది. గోధుమ మడి లోయలో, ఫర్నేసులు కొండ మీద, గని ఇంకో కొండ పక్కన. దిగేటప్పుడు రెండుసార్లు జారిపడి చచ్చిపోయాడు కూడా.

"మరి ఇల్లు ఎక్కడ కట్టాలి మామయ్యా?" అన్నాడు.

"ఆట తెరవగానే నువ్వు ముందు ఏం చేస్తావురా?" అని అడిగాను.

"డైమండ్స్ కోసం తవ్వుతా." ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే చోటు విషయంలో సగం చిక్కు విడిపోతుంది. అందమైన చోటు చూసి ముందు ఇల్లు కట్టేసి, తర్వాత ఆ ఇంటికి తగ్గట్టు ఆడటానికి అవస్థపడేవాళ్లను చాలామందిని చూశాను. మీరు రోజూ ఇష్టంగా చేసే పని ఏదో ముందు తేల్చుకోండి. ఇల్లు దాని పక్కకు రావాలి.

ఇది ఒట్టి సౌకర్యం మాట కాదు, ఆట లోపలి లెక్క కూడా ఇదే చెబుతుంది. ఈ ప్రపంచం 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు ఉన్న ముక్కలుగా ఉంటుంది, వీటిని చంక్ అంటారు. మీకు చుట్టుపక్కల ఉన్న కొన్ని చంక్‌లే నడుస్తుంటాయి, మిగతావన్నీ ఆగిపోయి ఉంటాయి. అంటే మీరు దూరంగా ఉంటే మీ గోధుమలు పెరగవు, ఫర్నేసులో ఇనుము కరగదు, చెరకు ఎదగదు. సిమ్యులేషన్ దూరం, అంటే మీ చుట్టూ నడిచే మేర, 4 చంక్‌లు పెట్టుకున్న ఫోన్‌లో అయితే అరవై డెబ్బై బ్లాకులు దాటగానే మీ పొలం నిద్రపోయినట్టే. మా వాడు రోజంతా పక్క కొండలో తవ్వుతుంటే లోయలో గోధుమలు ఎందుకు పండటం లేదో అప్పుడు వాడికి అర్థమైంది.

మొదటి మూడు రాత్రులు ఏదీ ఖాయం చేసుకోకండి

ఆటలో ఒక పూర్తి రోజు 20 నిమిషాలు. అందులో మంచి పగలు దాదాపు 10 నిమిషాలే. ఆ కాస్త సమయంలో ఇంటి స్థలం ఎంచుకోవాలని టెన్షన్ పడొద్దు. ఒకే రంగు ఉన్ని మూడు, చెక్క పలకలు మూడు ఉంటే మంచం తయారవుతుంది. ముందు మూడు గొర్రెల్ని చూసుకోండి. చీకటి పడగానే ఏ గట్టులోనో రెండు బ్లాకులు తవ్వి లోపలికి వెళ్లి, మట్టితో మూసేసుకుని పడుకోండి. పొద్దున్నే మంచం తీసుకుని మళ్లీ నడక. పడుకోకుండా మూడు రోజులు గడిపితే ఆకాశం నుంచి ఫాంటమ్‌లనే ఎగిరే శత్రువులు దిగుతాయి, కాబట్టి నిద్ర మానొద్దు.

ఒక్క జాగ్రత్త: కోఆర్డినేట్లు (మీరున్న చోటు చెప్పే అంకెలు) కనిపించేలా పెట్టుకోండి. ఫోన్‌లో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో వరల్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో ఎఫ్3 నొక్కితే వస్తుంది. నచ్చిన చోటు కనిపిస్తే అంకెలు కాగితం మీద రాసుకోండి. ఈ మూడు రోజుల తిరుగుడులో ఊరు ఎక్కడుంది, పెద్ద గుహ నోరు ఎక్కడుంది, నీళ్లు, అడవి ఎటున్నాయి అన్నది తెలిసిపోతుంది. ఎంచుకోవడానికి నాలుగు చోట్లు చేతిలో ఉన్నాక ఇక ఇంటి సంగతి.

తవ్వేవాళ్లకు: భూమి లోపలా, గని నోటి మీదా?

తవ్వడమే ప్రాణం అనుకునేవాళ్లు సాధారణంగా నేరుగా లోపలే కాపురం పెట్టేస్తారు. అందులో లాభం పెద్దదే. గోడలు కట్టే పని లేదు, తవ్విందే గది. గది చాలకపోతే ఇంకో నాలుగు బ్లాకులు తవ్వడమే. క్రీపర్ (దగ్గరికొచ్చి పేలే శత్రువు) పేలినా పక్కన రాయి పోతుంది తప్ప మీ పనితనం పోదు.

డైమండ్లు లోతుకు వెళ్లేకొద్దీ పెరుగుతాయి. వై విలువ (ఎత్తు చెప్పే అంకె) -59 దగ్గర అవి బాగా దొరుకుతాయని ఇప్పుడు అందరికీ తెలిసిందే. ఇనుముకు మాత్రం వై 16 దగ్గర తవ్వితే మేలు. -54 కిందికి దిగితే గుహల అడుగున లావా నిండి ఉంటుంది, కాబట్టి పడకగది అక్కడ వద్దు. ఇంకో సంగతి చాలామంది ఆలస్యంగా గమనిస్తారు: వై 0 కింద బొగ్గు దొరకదు. లోతులో కాపురం పెట్టి, టార్చ్‌లు అయిపోయి, బొగ్గు కోసం మళ్లీ పైకి ఎక్కాల్సి వస్తుంది. దీనికి మందు మొక్కలే. టార్చ్ వెలుగులో చెట్టు పెరుగుతుంది, గోధుమ కూడా పండుతుంది. లోపలే ఒక చిన్న ఓక్ తోట పెట్టుకుని, దుంగల్ని ఫర్నేసులో కాల్చుకుంటే కర్రబొగ్గు వస్తుంది. టార్చ్‌లకు అదీ బొగ్గులాగే పనికొస్తుంది.

లోపల ఉండటంలో కష్టం రెండు రకాలు. మొదటిది స్లైమ్‌లు, గెంతుతూ మీద పడే జిగురు జీవులు. పది చంక్‌లలో ఒకటి చొప్పున స్లైమ్ చంక్ ఉంటుంది. వై 40 కింద అలాంటి చోట పెద్ద హాలు తవ్వితే, మీరు ఎన్ని టార్చ్‌లు పెట్టినా స్లైమ్‌లు పుడుతూనే ఉంటాయి. హాలు నేల మీద హాఫ్ స్లాబ్‌లు పరిస్తే ఆ బాధ పోతుంది. రెండోది మనసుకు సంబంధించింది. పగలో రాత్రో తెలియదు, పక్క గుహలో జాంబీల మూలుగులు ఆగవు. నాలుగు బంగారు కడ్డీలు, ఒక రెడ్‌స్టోన్‌తో గడియారం చేసి గోడకు తగిలించుకుంటే కనీసం వేళ తెలుస్తుంది. అయినా పది రోజులు ఆకాశం చూడకుండా ఆడితే ఏదో వెలితి. ఒంటరిగా ఆడేవాళ్లు తవ్వకం బేస్‌లో విసుగెత్తి ఆట వదిలేయడం నాకు కొత్త కాదు.

అందుకే తవ్వేవాళ్లకు నేను చెప్పే చోటు గని నోటి మీద, నేల మట్టాన కట్టిన ఇల్లు. చంక్ అంటే అడుగు నుంచి ఆకాశం దాకా ఉన్న నిలువు స్తంభం. మీరు -59 లో తవ్వుతున్నా, సరిగ్గా మీ తల మీద ఉన్న గోధుమ మడి పెరుగుతూనే ఉంటుంది. పైన ఫర్నేసులూ పనిచేస్తూనే ఉంటాయి. గంట తవ్వి పైకి వస్తే పంట కోతకు వచ్చి ఉంటుంది. 9 బై 9 మడి చేసి మధ్యలో ఒక్క గడిలో నీళ్లు పోస్తే చాలు, నాలుగు వైపులా నాలుగేసి గళ్ల దాకా నేల తడిగా ఉంటుంది, 80 మొక్కలు పెట్టుకోవచ్చు. వై 70 నుంచి -59 దాకా నిచ్చెన వేస్తే ఎక్కడానికి ఒక నిమిషం పడుతుంది. నెదర్ (పోర్టల్ దాటి వెళ్లే నిప్పుల లోకం) నుంచి సోల్ శాండ్ అనే ఇసుక తెచ్చుకున్న రోజు దాన్ని నీటి గొట్టం అడుగున పెట్టండి, బుడగలు మిమ్మల్ని లిఫ్ట్‌లా పైకి తోసేస్తాయి.

తవ్వే ముందు కొండల కింద లోతుల్లో ఉండే డీప్ డార్క్ అనే చీకటి ప్రాంతాన్ని గుర్తుపెట్టుకోండి. నీలి మచ్చల నల్లటి స్కల్క్ కనిపిస్తే అటు గది పొడిగించకండి. 2022 జూన్‌లో వచ్చిన 1.19 వెర్షన్ నుంచి అక్కడ వార్డెన్ అనే భయంకర శత్రువు ఉంది. దానితో పోట్లాడి సంపాదించేదేమీ లేదు.

ఊరి పక్కన: అన్నీ దగ్గర, బాధ్యత ఎక్కువ

విలేజర్లు (ఆటలోని ఊరివాళ్లు) ఉన్న ఊరు దొరికితే, వస్తువులు త్వరగా సంపాదించాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదు. పంట సిద్ధంగా ఉంటుంది, మంచాలుంటాయి, కాపలాకు ఐరన్ గోలెం ఉంటుంది. అసలు సంపద వ్యాపారంలో ఉంది. బాణాలు చేసే ఫ్లెచర్‌కు 32 పుల్లలిస్తే ఒక ఎమరాల్డ్ (ఊరివాళ్ల డబ్బు) ఇస్తాడు. 32 పుల్లలంటే నాలుగు దుంగలు, అంతే. రైతు 20 గోధుమలకు ఒకటి ఇస్తాడు. ఆ ఎమరాల్డ్‌లతో లైబ్రేరియన్ దగ్గర మంత్రం పుస్తకాలు కొనుక్కోవచ్చు. మీకు కావలసిన పుస్తకం అతని దగ్గర లేకపోతే, మీరు ఇంకా అతనితో ఒక్కసారి కూడా బేరం చేయకపోతేనే సుమా, అతని లెక్టర్న్ (పుస్తకపు బల్ల) పగలగొట్టి మళ్లీ పెట్టండి, సరుకు మారుతుంది. మెండింగ్ వచ్చేదాకా ఇలా చేస్తూ కూర్చోవచ్చు. మెండింగ్ ఉన్న గునపం ఎక్స్‌పీతో (అనుభవ పాయింట్లతో) తనంతట తానే బాగుపడుతుంది, ఇక కొత్తది చేసుకునే పనే ఉండదు.

అయితే ఊరి పక్కన ఉండటమంటే ఆ ఊరి ప్రాణాలకు మీరు పూచీ పడటమే. మీరు దగ్గర ఉంటేనే ఊరు నడుస్తుంది, జాంబీలు వచ్చేదీ అప్పుడే. కష్ట స్థాయి హార్డ్‌లో పెట్టి నేను ఆడుతున్న ప్రపంచంలో ఒక రాత్రి పడుకోకుండా చెస్ట్‌లు సర్దుకుంటూ కూర్చున్నాను. తలుపు విరిగిన చప్పుడు వినిపించింది కానీ మా ఇల్లు కాదని ఊరుకున్నాను. హార్డ్‌లో జాంబీలు చెక్క తలుపులు విరగ్గొడతాయి. అవి చంపిన విలేజర్ తప్పకుండా జాంబీ అవుతాడు. నార్మల్‌లో సగం అవకాశం, ఈజీలో అసలు అవ్వడు. తెల్లవారి చూస్తే ఊళ్లో నలుగురు తగ్గారు. అందులో ఒకడు, రెండు సాయంత్రాలు కూర్చుని మెండింగ్ తెప్పించుకున్న లైబ్రేరియన్. పొద్దుటెండకు కాలిపోయాడు. నీడలో మిగిలిన ఒక్కణ్ణి మాత్రం వీక్‌నెస్ మందు చల్లి, గోల్డెన్ యాపిల్ తినిపించి బాగుచేయగలిగాను. బాగుచేసినవాడు తర్వాత చవగ్గా ఇస్తాడు, అది వేరే సంగతి.

అందుకే ఊరు ఎంచుకుంటే మొదటి పని మీ ఇల్లు కాదు, ఊరి ప్రహరీ. రెండు బ్లాకుల ఎత్తు గోడ, పైన బయటికి ఒక బ్లాకు చూరు. గోడ ఎక్కే సాలీళ్లు ఆ చూరు కింద ఆగిపోతాయి. లోపల టార్చ్‌లు. జనాన్ని పెంచాలంటే అదనంగా మంచాలు వేసి, తిండి ఇవ్వండి: ఒక్కొక్కరికి మూడు రొట్టెలు గానీ, పన్నెండు క్యారెట్లు గానీ.

రెయిడ్ (పిల్లేజర్లనే దొంగల ముఠా ఊరి మీద చేసే దాడి) భయంతో ఊరికి దూరంగా ఉండేవాళ్లున్నారు. పాత వెర్షన్లలో పిల్లేజర్ కెప్టెన్‌ను చంపి ఊళ్లోకి వస్తే చాలు, దాడి మొదలయ్యేది. 2024 జూన్‌లో వచ్చిన 1.21 నుంచి ఆ కెప్టెన్ వదిలిన సీసా మీరు తాగి వస్తేనే. ఇప్పుడు ఆ భయం అక్కర్లేదు.

కొండ, దీవి, నీటి అడుగు

కొండ మీద ఇల్లు చూడటానికి బాగుంటుంది, ఎమరాల్డ్ ముడిరాయి కూడా కొండల్లోనే దొరుకుతుంది. కానీ మూడు బ్లాకుల కంటే ఎక్కువ ఎత్తు నుంచి పడితే దెబ్బ, కవచం లేకుండా 23 బ్లాకుల నుంచి పడితే చావు. ఎగరడానికి పనికొచ్చే ఎలైట్రా రెక్కలు చేతికొచ్చాక కొండ స్వర్గం. అంతకుముందు అక్కడ కాపురం వద్దు.

మష్రూమ్ దీవి దొరకడం అదృష్టమే. ఆ బయోమ్‌లో, అంటే ఆ రకం ప్రాంతంలో, శత్రు మాబ్స్ (జీవులు) సహజంగా పుట్టవు. ఎర్ర ఆవు దగ్గర గిన్నె పట్టుకుంటే కూర వస్తుంది, తిండికీ లోటు లేదు. చిన్న పిల్లలకూ, ప్రశాంతంగా కట్టుకోవాలనుకునేవాళ్లకూ ఇది బాగుంటుంది. మామూలు చెట్లు లేవు కాబట్టి పడవ నిండా మొక్కలు తీసుకెళ్లండి.

నీటి అడుగు ఇల్లు మొదటి ఇల్లుగా పెట్టుకోవద్దు. ఊపిరి, నీళ్లు తోడటం, త్రిశూలాలు విసిరే డ్రౌండ్‌లనే నీటి జాంబీలు, ఇవన్నీ చూసుకునేసరికి ఆడటానికి ఓపిక మిగలదు.

వెలుగు సంగతిలో పాత సలహాలు నమ్మకండి

2011 నవంబర్‌లో పూర్తి వెర్షన్ విడుదలైనప్పటి నుంచి పదేళ్ల పాటు, వెలుగు 7 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే శత్రు మాబ్స్ పుట్టేవి. 2021 నవంబర్ చివర్లో వచ్చిన 1.18 తర్వాత ఓవర్‌వరల్డ్‌లో (మామూలు నేల లోకంలో) టార్చ్ వెలుగు పూర్తిగా సున్నా అయిన చోటే పుడతాయి. టార్చ్ దగ్గర వెలుగు 14, ఒక్కో బ్లాకుకు ఒకటి తగ్గుతుంది. కాబట్టి పాత వీడియోల్లో చెప్పినట్టు అయిదు బ్లాకులకో టార్చ్ గుచ్చి ఇంటి అందం పాడుచేసుకోనక్కర్లేదు, పన్నెండు బ్లాకులకు ఒకటి పెట్టినా సరిపోతుంది. హాఫ్ స్లాబ్, గాజు పరిచిన చోట చీకటైనా అవి పుట్టవు.

చెక్కా, రాయా?

చెక్క ఇల్లు త్వరగా అవుతుంది, కానీ అంటుకుంటుంది. ఫైర్‌ప్లేస్ పెట్టాలని నెదర్‌రాక్ మీద నిప్పు వెలిగించి ఇల్లంతా కాల్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాని బదులు క్యాంప్‌ఫైర్ పెట్టండి, దాని నిప్పు పక్కకు పాకదు. పిడుగులకు రాగి కడ్డీ ఒకటి ఇంటి మీద నిలబెట్టండి. నెదర్‌లో దొరికే క్రిమ్సన్, వార్ప్‌డ్ చెక్కలు అసలు కాలవు. ఆ ఎరుపూ నీలమూ నచ్చితే వాడుకోండి.

క్రీపర్‌కు మాత్రం చెక్కైనా, మామూలు రాయైనా ఒకటే, దగ్గరగా పేలితే రెండూ పోతాయి. అది బుస్సుమన్న తర్వాత మీకు ఉండేది ఒకటిన్నర సెకను. గోడ మందం పెంచడం కంటే అది గోడ దాకా రాకుండా చూడటం మేలు. ఒక పిల్లిని పెంచుకుని గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి, క్రీపర్లు దానికి దూరంగా పారిపోతాయి. ఇంటి చుట్టూ కందకం తవ్వి నీళ్లు నింపినా మంచిదే, నీళ్లలో ఉన్న క్రీపర్ పేలితే గోడలు పోవు.

కట్టడమే ఆనందంగా ఉండేవాళ్లకు

వీళ్లకు చోటు కంటే సరుకు ముఖ్యం. ఏ వస్తువుతో కడతారో అది దొరికే చోటు పక్కన ఉండాలి. దీనికి నా సొంత ఇల్లే ఉదాహరణ.

మా అమ్మమ్మ వాళ్లది గోదావరి జిల్లాలో పాత మండువా లోగిలి. నాలుగు వైపులా పెంకుటి వాలు, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, వాన పడితే నాలుగు చూర్ల నుంచీ ధారలు లోపలికే పడేవి. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. సర్వైవల్‌లోనే, ఏ చీటూ లేకుండా, దాన్ని మళ్లీ కట్టాలనిపించింది.

పెంకులకు ఇటుక మెట్లు వాడాను. నాలుగు వాలులకూ కలిపి 400 కావాలి. క్రాఫ్టింగ్ టేబుల్ మీద చేస్తే ఆరు ఇటుక బ్లాకులకు నాలుగు మెట్లే వస్తాయి, అంటే 600 బ్లాకులు. స్టోన్‌కటర్ మీద అయితే ఒకదానికి ఒకటి, 400 సరిపోతాయి. ఒక్కో బ్లాకుకు నాలుగు ఇటుకలు, మొత్తం 1600. ఒక్కో బంకమట్టి ముద్ద కాలడానికి 10 సెకన్లు. ఒకే ఫర్నేసు అయితే నాలుగున్నర గంటలు. ఎనిమిది ఫర్నేసులు వరుసగా పెడితే అరగంట దాటగానే అయిపోతుంది. ఒక బొగ్గు ఎనిమిదింటిని కాలుస్తుంది కాబట్టి 200 బొగ్గు. మట్టి అంతా నది అడుగున తవ్వాను. అందుకే నా ఇల్లు నది ఒడ్డున ఉంది, ఊరికి కూతవేటు దూరంలో ఉంది. మట్టి తగ్గిన రోజు ఊళ్లో మేసన్ దగ్గర ఎమరాల్డ్‌కు పది ఇటుకల చొప్పున కొన్నాను.

ఇల్లు లేచాక ఒక విషయం చూసి నాకు చాలా సంతోషమేసింది. పాత ఇంటి పద్ధతి ఆటలోనూ పనికొచ్చింది. బయటి గోడల మీద ముందుకు చాచిన చూరు వల్ల సాలీళ్లు పైకి ఎక్కి లోపలికి దిగలేకపోయాయి. వీధి అరుగులు హాఫ్ స్లాబ్‌లతో కట్టాను, వాటి మీద ఏదీ పుట్టదు. మండువా మాత్రం ఆకాశం కిందే ఉంది కాబట్టి రాత్రి అక్కడ జాంబీ పుట్టే ప్రమాదముంది. మధ్యలో తులసికోటలాగా చిన్న దిమ్మె కట్టి, దాని మీద ఒక లాంతరు పెట్టాను. లాంతరు వెలుగు 15, మండువా అంతా నిండుతుంది. గాజు కప్పు వేయమని స్నేహితుడు సలహా ఇచ్చాడు. వేస్తే వాన లోపల పడదు. వాన కోసమే కదా ఆ ఇల్లు.

మీరు కట్టాలనుకునేది ఏదైనా ముందు ఇలా లెక్క వేసుకోండి. ఎక్కువగా కావలసిన వస్తువు ఏది, అది ఎక్కడ దొరుకుతుంది? రంగురంగుల టెర్రకోట అయితే బ్యాడ్‌ల్యాండ్స్ పక్కన, గులాబీ చెక్క అయితే చెర్రీ గ్రోవ్ పక్కన.

ఫార్ములు కట్టేవాళ్లు, తిరిగేవాళ్లు

రెడ్‌స్టోన్‌తో (ఆటలో కరెంటులా పనిచేసే పొడి), ఆటోమేటిక్ ఫార్ములతో ఆడేవాళ్లు ముందు తమది జావానా, బెడ్‌రాకా అన్నది చూసుకోవాలి. రెండింట్లోనూ రెడ్‌స్టోన్ ఒకేలా పనిచేయదు. ఐరన్ గోలెంల నుంచి ఇనుము తీసే ఐరన్ ఫార్మ్‌నే తీసుకోండి. జావాలో జాంబీని చూపించి ముగ్గురు విలేజర్లను భయపెడితే గోలెం పుడుతుంది. బెడ్‌రాక్‌లో 20 మంచాలు, పది మంది విలేజర్లు కావాలి. వీడియో చూసి రెండు రోజులు కష్టపడి కట్టాక ఇది తెలిస్తే ఏడుపొస్తుంది. చోటు విషయంలో వీళ్లకు సముద్రపు ఒడ్డు మంచిది. మాబ్ ఫార్మ్‌ను నీళ్ల మీద ఎత్తుగా కడితే కింద చీకటి గుహలు తక్కువ, దాంతో పుట్టే మాబ్స్ ఎక్కువగా మీ ఫార్మ్‌లోనే పుడతాయి.

తిరగడమే ఇష్టమైనవాళ్లకు పెద్ద ఇల్లు దండగ. మంచం, క్రాఫ్టింగ్ టేబుల్, చెస్ట్ ఉన్న పడవ, ఇంతే. ఎండర్ చెస్ట్ చేసుకోగానే వీళ్ల జీవితం మారిపోతుంది. ఏ మూల ఇంకో ఎండర్ చెస్ట్ పెట్టినా లోపల అవే 27 గళ్లు కనిపిస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి. చచ్చిపోతే పడిన సామాన్లు ఆ చోటు నడుస్తున్నంతసేపట్లో 5 నిమిషాలకు మాయమవుతాయి. పరుగెత్తినా 1000 బ్లాకులకు మూడు నిమిషాలు. అందుకని ఎక్కడ రాత్రైతే అక్కడ మంచం వేసి పడుకోండి, పాత ఇంటి మంచాన్ని నమ్ముకోవద్దు.

హార్డ్‌కోర్ ఆడేవాళ్లకు ఒకటే ప్రాణం. బెడ్‌రాక్‌లోకి కూడా ఈ మోడ్ 2024లో వచ్చింది. వీళ్లకు నా సలహా గని నోటి ఇల్లే, అదీ చిన్నది. అందం పూర్తి కవచం వచ్చాక.

నలుగురితో ఆడితే

స్నేహితులతో ఒకే ప్రపంచంలో ఆడితే అందరూ ఒకే ఇంట్లో ఉండాలనుకుంటారు. నా అనుభవంలో అది నెల కూడా నిలవదు. చెస్ట్‌లో డైమండ్లు ఎవరు తీశారన్న మాట మొదలవుతుంది. పొలం, ఫర్నేసులు, నెదర్ పోర్టల్ ఉమ్మడిగా మధ్యలో ఉంచి, ఇళ్లు మాత్రం ఎవరివి వాళ్లు ముప్పై నలభై బ్లాకుల దూరంలో కట్టుకుంటే గొడవ ఉండదు. ఎవరు ఏ పని చేసినా ఉమ్మడి పొలం అందరికీ పెరుగుతూనే ఉంటుంది. జావాలో రాత్రి దాటడానికి మామూలుగా అందరూ పడుకోవాలి. ఎంత శాతం మంది పడుకుంటే చాలో మార్చే గేమ్‌రూల్ ఉంది, మొదటి రోజే మార్చుకోండి.

ఫోన్‌లో ఆడేవాళ్లు ప్రపంచాన్ని అప్పుడప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసి వేరే చోట దాచుకోండి. ఫోన్‌లో చోటు చాలడం లేదని ఆప్ తీసేస్తే దాంతోపాటు ప్రపంచమూ పోవచ్చు. అద్దె సర్వర్ మీద ఆడేవాళ్లూ అంతే. మేం ఒకసారి గడువు చూసుకోకపోతే ఎనిమిది నెలల ఊరు మొత్తం పోయింది.

ఇల్లు మారాల్సి వస్తే

ఇన్ని చూసుకుని కట్టినా ఆట తీరు మారుతుంది, తవ్వేవాడు కట్టడం మొదలుపెడతాడు. అప్పుడు పాత ఇల్లు పగలగొట్టకండి. నెదర్‌లో ఒక బ్లాకు నడిస్తే పైన ఎనిమిది బ్లాకులు నడిచినట్టు. కొత్త చోటు 1000 బ్లాకుల దూరంలో ఉంటే నెదర్‌లో 125 బ్లాకులు సొరంగం చేసుకుంటే చాలు, అర నిమిషంలో ఇటు నుంచి అటు. మూలలు వదిలేస్తే పది అబ్సీడియన్ (నల్లటి గట్టి రాయి) బ్లాకులతో పోర్టల్ అవుతుంది. సొరంగాన్ని కాబుల్‌స్టోన్‌తో కప్పండి, ఘాస్ట్ అనే ఎగిరే శత్రువు విసిరే నిప్పుబంతికి అది పగలదు. సామాన్లు మోయడానికి ముందు లెక్క వేసుకోండి. పెద్ద చెస్ట్‌లో 54 గళ్లు, నిండా రాయి ఉంటే 3456. మీ జేబులో 36 గళ్లే. ఒక్కో చెస్ట్‌కు రెండు తిరుగుళ్లు.

మా వాడు కొండ ఇల్లు అలాగే ఉంచేశాడు. గని నోటి దగ్గర, ఏడు బై ఏడు రాతి గది ఒకటి కట్టుకుని, దాని వెనకే మడి చేశాడు. మంచం పక్కనే నిచ్చెన, నేరుగా కిందికి. మొన్న ఫోన్ చేసి, గంట తవ్వి పైకొచ్చేసరికి గోధుమ అంతా పండి ఉందని, డైమండ్లు పదకొండు దొరికాయని చెప్పాడు. ఎలైట్రా తెచ్చుకున్నాక మళ్లీ కొండ మీదికి వెళ్తాడట.